గీత లేవని సాయంత్రం

మొన్న లాల్‌దర్వాజా మందుల దుకాణంలో ఎవరో స్పిరిట్ సీసా ఒలకబోశారు. ఆ వాసనకు నా కుడి తొడ వెనక చల్లటి దూది తగిలినట్టయింది. నా కాలు బాగుచేసిన యాదన్న ముందు అక్కడ స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాతే వైర్లున్న బిళ్లలు అంటించేవాడు.

ఉప్పుగూడ స్టేషన్‌లో కదిలిన రైలు వెంట పరుగెత్తి తొడ వెనక కండరం చింపుకున్న మొనగాణ్ణి నేను. అది చిరిగిన చప్పుడుకు రైలే ఆగిందని ఊరంతా చెప్పుకున్నాను. సంతోష్‌నగర్‌లో ఫిజియోథెరపీ గది నడిపే యాదన్న పాలబడ్డాను. బోర్లా పడుకుని, కాలికి కట్టిన బరువును మడమతో పైకి లాగాలి. బిళ్లల వైర్లు ఒక మిషన్‌కు తగిలించి ఉంటాయి; కండరం ఎంత పనిచేస్తే దాని తెర మీద గీత అంత లేస్తుంది. నా మూలుగులకు వీధిలో మేకలు బెదిరి పారిపోయాయి గాని, గీత నేల విడవలేదు.

"నోరు మస్తు పంజేస్తున్నది భాయ్. నడుముతోని లేపుతున్నవ్. తొడ పండుకున్నది" అన్నాడు.

కొన్నాళ్లకు గీతను చూస్తూ కండరాన్ని బిగించడం వచ్చింది. వెంటనే ఆయన తెరను గోడవైపు తిప్పేశాడు.

"ఇప్పుడు చెప్పు, గీత ఏడున్నది?"

"చార్మినార్ మీదికెక్కిందన్నా!"

"కింద చాయ్ తాగుతున్నది. పెంచి చెప్పకు. లోపటికెల్లి తెలుసుకో. రేపు మిషిన్ నీ ఎంబడి తిరుగుతదా?"

అలా తిట్టితిట్టి నన్ను నడిపించిన మనిషికి పక్షవాతం వచ్చి కాలు పడిపోయింది. ఇక నడవడం కష్టమన్నారు డాక్టర్లు. కండరంలో రవ్వంత కదలిక కనబడితే చాలు, నడుస్తానని ఆయన పట్టు. మిషన్‌ను ఇంటికి తెప్పించుకుని ఒక సాయంత్రం నన్ను పిలిచాడు. బిళ్లలు నేనే అంటించాను. తెర నావైపు, ఆయన ముఖం దిండులో.

"గుంజుతున్న. లేసిందా?"

ఆయన మెడ నరాలు ఉబ్బాయి. గీత కదలలేదు.

"చెప్పరాదు? ఎన్నడు పెంచి చెప్పొద్దంటి. ఇయ్యాల జర పెంచి చెప్పు తమ్మీ."

నన్ను తమ్మీ అనడం అదే మొదటిసారి. "లేసిందన్నా, జరంత" అన్నాను.

"ఎంత?"

ఈగను ఏనుగు చేసే నా నోటికి ఇంత పెద్ద నగరంలో ఒక్క పోలిక దొరకలేదు.

"సరే, బంద్ చెయ్" అన్నాడు.

ఆయన ఆ చలికాలం దాటలేదు. పాడె ఒక మూల నా భుజాన ఉంది. శ్మశానం దాకా నా కాలు ఎక్కడా తడబడలేదు. ఇప్పుడు మెట్లెక్కుతుంటే తొడ వెనక కండరం బిగుసుకోవడం, వదులవడం ఏ తెరా చూడకుండానే తెలుస్తుంది. చక్కగా పనిచేస్తోంది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో మాత్రం తెలియదు.