రెండు నిమిషాలు నిద్రపోయిన ప్రోగ్రాం

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

భీమవరంలో రొయ్యల చెరువులకు కంట్రోల్ ప్యానెళ్ళు చేసే షాపులో ప్రోగ్రాములు రాసేదాన్ని. పని చిన్నదే. కరెంటు పోతే జనరేటర్ లేవాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకూడదు. ఆగితే రొయ్య బతకదు. నా ప్రోగ్రాంలో నాలుగే స్థితులు: కరెంటు మీద ఉన్నాం, జనరేటర్ లేస్తోంది, జనరేటర్ మీద ఉన్నాం, తిరిగి కరెంటుకి మారుతున్నాం. ఎప్పుడు చూసినా వాటిలో ఒక్కటే నిజం. ప్రతి స్థితీ తన ప్రశ్నలు తానే అడిగి, తర్వాత ఎటు వెళ్ళాలో తానే తేలుస్తుంది. మారుతుండగా కరెంటు మళ్ళీ పోతే, అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతుంది.

మా ఓనరు గారికి నచ్చలేదు. "'ఇలా అయితే అలా చెయ్యి' అని నాలుగు ఇఫ్ కండిషన్లతో పోయేదానికి ఇంత తతంగం ఎందుకండీ?" అని నేను రాసిందంతా తీసి పారేశారు. ఆయనా ఇంజినీరే మరి! కరెంటు రాగానే రెండు నిమిషాలు ఆగి, అప్పుడు జనరేటర్ ఆపమని రాశారు. ఆ రెండు నిమిషాలూ ప్రోగ్రాం దేన్నీ చూడదని మొత్తుకున్నా వినలేదు. ఆ ప్యానెల్ నరసాపురం రేవుకి అవతల ఉన్న మా బాబాయి చెరువుకే వెళ్ళింది.

ఓ ముసురు రోజు మధ్యాహ్నం బాబాయి రేవు దాటి ఇవతల పెళ్ళి భోజనానికి వచ్చాడు. అక్కడ కరెంటు పోయింది, జనరేటర్ లేచింది. కరెంటు వచ్చింది, ప్రోగ్రాం నిద్రపోయింది. ఆ నిద్రలోనే కరెంటు మళ్ళీ పోయింది. లేచిన ప్రోగ్రాం ముందూ వెనకా చూడకుండా జనరేటర్ ఆపేసింది. నడుస్తోందన్న గుర్తు మాత్రం చెరపలేదు, అందుకే మళ్ళీ లేపనూ లేదు. చెరిపే లైను కరెంటు ఉంటేనే పనిచేసేలా రాశారు మహానుభావుడు. ప్యానెల్ నుంచి బాబాయి ఫోనుకి మెసేజ్ వెళ్ళింది: "కరెంటు లేదు. జనరేటర్ నడుస్తోంది."

భోజనమయ్యాక బాబాయి ఏరు దాటించే పంటు మీద అవతలికి చేరి నాకు ఫోన్ చేశాడు. పరిగెత్తుకు వెళ్ళాను. చచ్చిన రొయ్య గట్టు వెంబడి పేరుకుపోయి ఉంది. ఏరేటర్లు కదలడం లేదు. ప్యానెల్ మీద జనరేటర్ లైటు మాత్రం, బ్యాటరీ పుణ్యమా అని, సిగ్గు లేకుండా వెలుగుతోంది.

మర్నాడు బాబాయిని వెంటపెట్టుకుని షాపుకి వెళ్ళాను. ఓనరు గారు ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు. "కరెంటు అలా వచ్చి పోతుంటే ఎవరేం చేస్తారండీ? ఇంకో ఇఫ్ పెట్టేద్దాం" అన్నారు.

ఇంకో ఇఫ్! షాపంతా వినపడేలా అరిచాను. ఇదే ప్రోగ్రాం ఇంకెన్ని చెరువుల గట్ల మీద ఉందో చెప్పమన్నాను. బాబాయి నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆయనకి అరవడం రాదు.

"మీ మెసేజ్ చూసుకున్నానండి," అన్నాడు ఓనరు గారితో. "ఇంకేం ఫర్వాలేదని, మళ్ళీ పెరుగు వేయించుకుని తిన్నానండి."