లియో పన్ను, అత్తయ్య పెరుగన్నం

2011లో మేం అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో ఉండేవాళ్ళం. మా కుక్క లియోకి దవడ పన్ను పుచ్చిపోయి, గిన్నెలో మూతి పెట్టాలంటేనే మూలిగేవాడు. మత్తిచ్చి పన్ను తీయడానికి నెల తర్వాత అపాయింట్‌మెంట్ దొరికింది. ముందురోజు రాత్రి నుంచి వాడికేమీ పెట్టకూడదని, పెడితే మత్తులో వాంతి చేసుకుని ప్రాణం మీదికొస్తుందని, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యకి పదిసార్లు చెప్పాను.

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి వాడిని ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

"ఏమైనా తిన్నాడా?" అని నర్సు అడిగింది.

"నథింగ్! మెతుకు కూడా ముట్టలేదు," అన్నాను ధీమాగా.

ఆ మాట నోట్లో ఉండగానే లియో ఆమె బూట్ల మీద భళ్ళున కక్కేశాడు. పెరుగన్నం! అందులో కరివేపాకు, ఆవాలు కూడా కనిపిస్తున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆపరేషన్ మరో మూడు వారాలు వాయిదా పడింది.

ఇంటికొచ్చి అత్తయ్య మీద ఎగిరాను.

"నోరులేని జీవి ఎదురుగా కూచుని చూస్తుంటే నాకు ముద్దెలా దిగుతుందమ్మా? పన్ను నొప్పని మెత్తగానే కలిపాను కదా!" అంది ఆవిడ, తప్పంతా నాదేనన్నట్టు.

రెండోసారి ఆపరేషన్‌కి ముందు ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ మాట నిలబెట్టుకుంది. పన్ను తీయించి సాయంత్రం లియోని తీసుకొచ్చేసరికి సోఫాలో వాలిపోయి ఉంది. అసలే షుగర్ మనిషి, పొద్దుటి నుంచి తనూ ఏమీ తినలేదట!

ఈవిడతో ఎలా వేగాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం మాత్రం గొణుక్కుంటూనే పెరుగన్నం మెత్తగా కలిపి, రెండు గిన్నెల్లో పెట్టాను.