టోపీ తీసిన దొర

మొన్న ఆదివారం కొత్త కలెక్టరు దొర మా మిషను గుడి గుమ్మంలో టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం వీపు బిగుసుకుపోయింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. వరదకి ధవళేశ్వరం కాలవ గట్టు జారిపోతోందని, ఇంటికొక మగవాడు సర్కారు పనికి రావాలని చాటించారు. మా నాన్న పార లేకుండా ఖాళీ చేతులతో వెళ్లాడు, వెనకాలే నేనూ వెళ్లాను.

"ఇవాళ ఆదివారమండి, మేం పని చెయ్యకూడదండి. రేపు తెల్లారకుండానే వస్తామండి."

"ఈలోగా గట్టు తెగితే మీ దేవుడొచ్చి పూడుస్తాడా ఏంటి?" అంటూ మేస్త్రీ నాన్నను రాటకు కట్టించి చర్నాకోల అందుకున్నాడు. మూడో దెబ్బకు వీపు చిట్లి, నెత్తురు పంచెలోకి కారింది.

అంతలో గుర్రం మీద కాలవ పనులు చూసే దొర వచ్చాడు. దొరలూ మనమూ ఒకే దేవుడి బిడ్డలమని పాదిరిగారు చెప్పేవారు. మనవాడే వచ్చాడనుకుని, బడిలో నేర్పిన కీర్తన గొంతెత్తి పాడాను. దొర చటుక్కున టోపీ తీసి కళ్లు మూసుకున్నాడు. పాడినంతసేపూ చర్నాకోల ఆగింది. ఇక నాన్నను విప్పేస్తారనుకున్నాను.

పాట అయిపోయింది. దొర "ఆమెన్" అని టోపీ పెట్టుకుని, మేస్త్రీ వైపు తిరిగి "కానియ్" అన్నాడు.

నాన్న ఆ వీపుతోనే పొద్దుగూకేదాకా మట్టి మోశాడు. ఇంటికొచ్చి బోర్లా పడుకుని, "బాగా పాడావమ్మా" అన్నాడు.

ఇప్పుడు నాకు కీర్తనల పుస్తకమంతా కంఠతా వచ్చు. ఆ రోజు ఒక్కటే వచ్చేది.