నేను కత్తిరించిన ‘డా’

దయ్యాలు, ఆత్మలు అనే మాటలు వింటే నాకు నవ్వు కూడా రాదు, విసుగొస్తుంది. నా పని అలాంటిది మరి. బెంగళూరు మహదేవపురలో, టెక్ పార్కుల వెనకున్న లేఅవుట్లో, ఓ ఇంటి రెండో అంతస్తులో చిన్న స్టూడియో పెట్టుకుని పన్నెండేళ్ళుగా ర్యాప్ పాటలు మిక్స్ చేస్తున్నాను. పెద్ద కంపెనీల పాటలు కావు. సొంతంగా రాసుకుని, సొంతంగా పాడుకుని, సొంతంగా విడుదల చేసుకునేవాళ్ళ పాటలు. వాళ్ళ గొంతునూ బీట్‌నూ ఒకదాన్నొకటి మింగకుండా కలపాలి. చివరికి ఫోన్లో విన్నా కారులో విన్నా బాగుండేలా ‘మాస్టర్’ అనే తుది ఫైలు తయారుచేసి ఇవ్వాలి.

వింత చప్పుళ్ళు నాకు రోజూ వినిపిస్తాయి. ప్రతిదానికీ కారణం దొరుకుతుంది. ఒకాయన తన రికార్డింగులో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని హడలిపోయి వచ్చాడు. తీరా చూస్తే పక్కింటి నీళ్ళ మోటారు. ఇంకొకరికి గుసగుసలు వినిపించాయి. అవి ఆయన హెడ్‌ఫోన్లోంచి మైకులోకి కారిన పాత టేకులోని మాటలే. ఇలాంటివి విప్పి చెప్పీ చెప్పీ నా చెవి మీద నాకు పొగరు పెరిగిపోయింది.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని నేనెవరినీ అడగను. నిజానికి జరిగిన వింత కన్నా, దానికి ముందు నేను చేసిన పనే నన్ను ఎక్కువ తినేస్తోంది. రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

ముందు నా గురించి ఒక సంగతి చెప్పాలి. మాది బెంగళూరే. కాటన్‌పేటలో మా తాత కాలం నుంచీ నూలు అంగడి. ఇంట్లో తెలుగే, కానీ మా తెలుగు వేరు. ‘ఉంది’ అనం, ‘ఉండాది’ అంటాం. ‘ఎక్కడ’ అనం, ‘యాడ’ అంటాం. చిన్నాపెద్దా అందర్నీ ‘అప్పా’ అని పిలుస్తాం. మాటమాటకీ కన్నడం కలుస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఆంధ్రా నుంచి వచ్చిన స్నేహితులు నాకు ‘ఉండాది’ అని పేరే పెట్టేశారు. “ఒరేయ్, ఉండాది వచ్చాడ్రా” అని క్యాంటీన్లో కేకేసేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. రెండేళ్ళలో ఆ మాట నా నోట్లోంచి పోయింది. పోయిందంటే దానంతటది పోలేదు, నేనే పట్టుబట్టి పోగొట్టుకున్నాను. ఇప్పుడు నా తెలుగు వింటే ఎవరైనా కోస్తావాడినే అనుకుంటారు. ఎవరైనా అడిగితే నేనూ కాదనను.

ఎవరో పరిచయం చేస్తే మంజునాథ్ నా దగ్గరికి వచ్చాడు. దొడ్డబళ్ళాపురం వాడు. మరమగ్గాల ఇల్లు. దేవనహళ్ళి దగ్గర ఒక గోడౌన్లో సూపర్‌వైజరుగా చేస్తూ, సెలవు రోజుల్లో పాటలు రాసుకుంటాడు. వాళ్ళింటి భాష మా ఇంటి భాషే, అక్షరం తేడా లేదు. అందులోనే ర్యాప్ చేస్తాడు, ఏ మొహమాటమూ లేకుండా. అతని గొంతు వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. మరుక్షణమే ఎందుకో చిరాకు కూడా వచ్చింది.

ఆ పాట వాళ్ళమ్మ మీద. భర్త పోయాక రెండు మగ్గాలను ఒంటిచేత్తో నడిపి కొడుకును చదివించిన మనిషి. పాట పల్లవిలో మంజు నాలుగుసార్లు ‘ఉండాది’ అంటాడు. ఇల్లుండాది, మగ్గముండాది, అలా. నాలుగోసారి “అమ్మ యాడుండాది?” అని అడుగుతాడు. దానికి జవాబు వాళ్ళమ్మ గొంతుతోనే రావాలని అతని కోరిక. అందుకే ఒక ఆదివారం ఉదయం ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆమె పేరు లక్ష్మమ్మ. రాగానే చెప్పులు విడిచి, స్టూడియో గోడలకు అంటించిన స్పాంజిని వేలితో నొక్కి చూసింది. “ఇంత మెత్తగా గోడలెందుకప్పా, పడితే దెబ్బ తగలకుండానా?” అని అడిగింది. చప్పుడు బయటికి పోకుండా అని చెప్పాను. “మా మగ్గాలకీ ఇట్లా కట్టింటే పక్కింటోళ్ళు సల్పమన్నా నిద్రపోయేవాళ్ళు” అని నవ్వింది. చిత్రాన్నం డబ్బా తెచ్చింది. మాటల్లేకుండానే నాకూ ఒక ప్లేటులో పెట్టింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మ ఫోన్ చేసింది. నేను తలుపు బయటికి వెళ్ళి, గొంతు తగ్గించి మాట్లాడాను. మా అమ్మతో మాత్రం వేరే తెలుగు మాట్లాడలేను, మాట్లాడితే తిడుతుంది. “ఈడే ఉండాను మా, స్టూడియోలో. తింటాండాను” అన్నాను. తిరిగి చూస్తే చేతులు కడుక్కోవడానికి వచ్చిన లక్ష్మమ్మ వెనకే నిలబడి ఉంది. ఆమె మొహం వెలిగిపోయింది.

“నువ్వూ మనోళ్ళేనాప్పా? యా ఊరు మీది?”

“లేదండీ, మాది విజయవాడ వైపు” అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. తెలియదని రాయడం కూడా అబద్ధమే. మంజు లోపలున్నాడు, వింటాడేమో అనిపించింది. నన్ను పెద్ద ఇంజనీరని, ‘మంచి తెలుగు’ మాట్లాడే మనిషినని గౌరవిస్తున్నాడు. అది పోతుందనుకున్నాను. ఆమె ఒక్క క్షణం నా వంక చూసింది. “అట్లనా? సరేలేప్పా” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ క్షణం భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

రికార్డింగ్ మొదలుపెట్టాం. అద్దానికి అవతల ఆమె, పక్కన మంజు. ఇవతల నేను. మైకు చూసి ఆమె నోరు మెదపలేకపోతుంటే, నేనే హెడ్‌ఫోన్లోకి “అమ్మ ఎక్కడుంది?” అని అడిగాను. ఆమె ఫక్కున నవ్వింది. “ఎక్కడుంది కాదప్పా, యాడుండాది అని అడుగు” అంది. అడగలేదు నేను. ఇంకోసారి “ఎక్కడుంది?” అనే అన్నాను. అప్పుడు ఆమె కొడుకు వైపు చూడలేదు. అద్దంలోంచి సూటిగా నన్ను చూస్తూ, చాలా నెమ్మదిగా, “ఈడే ఉండాదప్పా” అంది.

ఒక్కసారే చెప్పింది. రెండో టేక్ అడిగితే “సాకు లేప్పా, ఇంక చాలు” అని హెడ్‌ఫోన్ తీసేసింది.

వాళ్ళు వెళ్ళాక ఆ మాట పెట్టుకుని కూర్చున్నాను. విన్నప్పుడల్లా దొరికిపోయిన దొంగలా అనిపించింది. స్క్రీన్ మీద ‘ఉండాది’ అనే మాట మూడు చిన్న గుట్టల్లా కనిపిస్తుంది. మధ్య గుట్టను కత్తిరించి, రెండు కొసలూ కలిపితే ‘ఉంది’ అయిపోతుంది. ‘డా’ పోతే చాలు, అది పుస్తకాల తెలుగు. ఆ పని రెండు నిమిషాల్లో చేసేశాను. చివరనున్న ‘అప్పా’ను కూడా తీసేశాను. ఇప్పుడామె “ఈడే ఉంది” అంటోంది. ఒక్కటే మారిస్తే తెలిసిపోతుందని మంజు చెప్పిన నాలుగు ‘ఉండాది’లనూ అలాగే కోసేశాను. మాట బీట్ కన్నా వెనకబడుతోంది, హైదరాబాద్ వాళ్ళు నవ్వుతారు అని నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. పాతవే పెట్టమని మంజు గొడవ చేస్తాడేమోనని, కత్తిరించిన ముక్కలను డిస్కులోంచి శాశ్వతంగా తీసేసే ఆప్షన్ నొక్కాను. “నిజంగా తీసెయ్యమంటారా? మళ్ళీ తేలేరు” అని అది అడుగుతుంది. ఔనన్నాను. రోజూ రెండో డిస్కులోకి కాపీ తీసేవాణ్ణి, ఆ రోజు కావాలనే తియ్యలేదు.

మూడు వారాలయ్యాక మంజు ఫోన్ చేశాడు. జ్వరమని ఆస్పత్రిలో చేర్చిన అమ్మ నాలుగు రోజుల్లో పోయిందట. కర్మకాండలన్నీ ముగించుకుని ఫోన్ చేస్తున్నాడు.  తర్వాత అడిగాడు.

“అన్నా, అమ్మ గొంతు నా దగ్గర యాడా లేదు. ఫోన్లో అన్నీ ఫోటోలే. నీ దగ్గర చెప్పిన ఆ ఒక్క మాటే ఉండాది. అది మార్చొద్దన్నా. అట్నే కావాల నాకు.”

“ఉంది, భద్రంగా ఉంది” అన్నాను. నా నోటికి అబద్ధం అంత అలవాటైపోయింది.

తర్వాతి వారమంతా ఆ ‘డా’ కోసం వెతికాను. పోయిన ఫైళ్ళు తీసిచ్చేవాళ్ళ దగ్గరికి డిస్కు పట్టుకెళ్ళాను. దానిమీద అప్పటికే వేరే పాటలు పడ్డాయి, రాదన్నారు. మంజు గొంతులోంచి ‘డా’ తీసి అతుకుదామంటే అవీ నేనే చెరిపేశాను. చివరికి నిజం చెప్పేయడమే మిగిలింది. శనివారం మధ్యాహ్నం పాటను మాస్టర్ చేశాను. స్పీకర్లలో విన్నాను, హెడ్‌ఫోన్లో విన్నాను, కిందికెళ్ళి కారులో విన్నాను. మూడుసార్లూ “ఈడే ఉంది” అనే వినిపించింది. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఎందుకంటే ఆ రెండు మాటలు వచ్చిన మూడుసార్లూ పాట ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.

ఆదివారం ఉదయం పదకొండింటికి మంజు వచ్చాడు. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. అమ్మ కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. పాట వినిపించే ముందే చెప్పాలనుకున్నాను.  కానీ విన్నాక చెబుదామని శనివారం చేసిన ఆ ఫైలునే వాయించాను.

పల్లవి వచ్చింది. “అమ్మ యాడుంది?” అని, నేను కోసిన మాటతోనే మంజు గొంతు అడిగింది. నేను తల దించుకున్నాను.

“ఈడే ఉండాదప్పా.”

పూర్తిగా, నెమ్మదిగా, ఆ రోజు అద్దం అవతల చెప్పినట్టే. బీట్ ఏమాత్రం పక్కకు జరగలేదు, పాట ఒక్క సెకను పెరగలేదు. మంజు మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. నేను స్క్రీన్ వంక చూస్తూ కొయ్యబారిపోయాను.

కొంచెం తేరుకున్నాక అతనే నవ్వాడు. “నావి మాత్రం అన్నీ కోసేసినావే అన్నా, ఉంది ఉంది అని! పర్వాలేదులే. అమ్మది కోయకుండా పెట్టినావు, అది చాలు” అన్నాడు. లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులతోనే కోశానని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేను చెప్పలేదు. “అమ్మ మాట కదా మంజూ, ఎలా కోస్తాను?” అన్నాను.

అతను వెళ్ళాక తలుపేసుకుని పనిలో పడ్డాను. అన్ని ముక్కలూ విడివిడిగా ఉండే మిక్స్ తెరిచి వాయిస్తే “ఈడే ఉంది”. కోసిన చోట అతుకు కనిపిస్తూనే ఉంది. అందులోంచి మళ్ళీ కొత్తగా మాస్టర్ తీస్తే “ఈడే ఉంది”. శనివారం తీసిన ఫైల్లో మాత్రం “ఈడే ఉండాదప్పా”. దాని తేదీ, సమయం శనివారం మధ్యాహ్నానివే. పాత మిక్స్‌లోంచి పొరపాటున తీశానేమో అనుకున్నాను. అదీ కుదరదు. శనివారం ఉదయం బేస్ తగ్గించాను. ఆ తగ్గించిన బేస్ ఈ ఫైల్లో ఉంది. అప్పటికి ఆ మాట కోసేసి నెల కావచ్చింది.

మా పనిలో ఒక పరీక్ష ఉంది. అచ్చంగా ఒకేలాంటి రెండు ఫైళ్ళను కలిపి, ఒకదాన్ని తలకిందులు చేసి వాయిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. తేడా ఉంటే ఆ తేడా ఒక్కటే వినిపిస్తుంది. రెండు మాస్టర్లనూ అలా పెట్టాను. బీట్ పోయింది. మంజు గొంతు పోయింది. ఒకటిన్నర నిమిషం దాకా గదిలో ఏమీ లేదు. తర్వాత ఆ ఖాళీలోంచి తెగిన ముక్క ఒక్కటే వినిపించింది. ‘డా’. కాస్త ఎడంగా, ‘ప్పా’. మళ్ళీ నిశ్శబ్దం.

తోటి ఇంజనీరు ఒకతన్ని పిలిచి, ఏమీ చెప్పకుండా వినిపించాను. రెండు వేర్వేరు టేకులు వాడావు, అంతే కదా అన్నాడు. ఒక్కటే టేక్ ఉండేదని చెబితే, మరిచిపోయుంటావులే అని కొట్టిపారేశాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పటికీ నా దగ్గర వేరే కారణం లేదు. ఆ ఫైలు ఎలా అలా అయిందో నాకు తెలియదు.

ఆ శనివారం ఫైలుతోనే పాట విడుదలైంది. ఎవరూ నవ్వలేదు. పాట కింద మంజు “మా అమ్మ మాటను కోయకుండా కాపాడిన అన్నకు” అని రాశాడు. దాన్ని చూసి ఎందరో నన్ను మెచ్చుకున్నారు. అందరికీ థాంక్స్ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా మీద నాకు రోత పుట్టింది.

ఒకటి మాత్రం రోజూ గుర్తొస్తుంది. మంజు అనుకుంటున్నట్టు ఆ ‘అప్పా’ అతన్ని అన్నది కాదు. అద్దంలోంచి ఆమె చూసింది నన్ను.

మంజూ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. మీ అమ్మ మాట నేను కోసేసినాను. నేను పెట్టలేదు. ఎవరు పెట్టినారో నాకు తెలీదప్పా.

లక్ష్మమ్మా, ఆ రోజు నువ్వడిగినావే. ఔను, మేమూ మీవోళ్ళమే. మాది కాటన్‌పేట.