తీగ చుట్టిన గవర్నర్

పోయిన వారం మా మేనమామ పోయాడు. కార్ఖానా బస్తీలో పాత ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఆయనది, దాని వెనకే ఇల్లు. తుంటి విరిగి మంచాన పడ్డాక నెమ్ము చేరింది, ఇక లేవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా పెద్ద వయసు కదా అన్నారు. వయసు వల్ల పోలేదండీ. ఒక ముక్క ఇనుప తీగ వల్ల పోయాడు.

నేను సైనిక్‌పురి నుంచి ఆదివారాలు ఆ షెడ్డుకు వెళ్లి కూర్చునేవాణ్ణి. ఇంజన్ ఒక్క తీరున నడవక ఊగుతోందని ఎవరైనా బండి తెస్తే, మామ గవర్నర్ మూత జోలికే పోయేవాడు కాదు. ముందు థ్రాటిల్ లివర్ లాగి వదిలి, అది తన చోటికి తాను వస్తోందో లేదో చూసేవాడు. ఆ తర్వాత డీజిల్ పైపులో గాలి చేరిందేమోనని, ఫిల్టర్ మూసుకుపోయిందేమోనని. గవర్నర్‌కు తగిలించిన కడ్డీల పిన్నులు అరిగి లొడలొడలాడుతున్నాయేమో కూడా చూశాకే గవర్నర్ స్ప్రింగు. ఈలోపు తొందరపెట్టినవాడికి తిట్లు. నాకూ పడ్డాయి, ఇంతకీ ఈ గవర్నర్ చేసేదేమిటని అడిగినందుకు.

"లోడు పడితే డీజిల్ ఎక్కువిస్తది, లోడు పోతే తక్కువిస్తది. గంతే. అది జామైందనుకో, ఇంజన్‌కు ఆగుడు తెల్వది" అన్నాడు.

ఆ గల్లీ చివర ఒక ఫంక్షన్ హాల్ ఉంది. దాని ఓనర్ ఓ పాత ట్రాక్టర్ కొని, రంగులేసి, పెళ్లికొడుకుల బరాత్ ఊరేగింపులకు పెట్టాడు. ఊగుతోందని మామ దగ్గరికే తెచ్చాడు. మామ అరిగిన పిన్ను మార్చి, ఇంజన్ నిదానంగా నడిచేలా చేసి పంపాడు. కొన్నాళ్లకు ఓనర్ మళ్లీ వచ్చాడు. బండి బాగైపోయిందనే ఆయన గోడు! మునుపటిలా ఎగిరెగిరి పడితేనే బ్యాండుకు తగ్గట్టు ఉంటుందట, మళ్లీ అట్లాగే చేసిమ్మన్నాడు.

"చెడగొట్టుడు నాకు రాదు సేటు. పబ్లిక్ మధ్యల నడిచే బండి అది" అన్నాడు మామ.

ఓనర్ ఇంకెవరినో పట్టుకుని తనకు కావలసినట్టు చేయించుకున్నాడు. బండి ఊగింది. అందరికీ సంబరం.

ఒక సాయంత్రం బరాత్ షెడ్డు ముందుకు వచ్చేసరికి ఇంజన్ ఒక్కసారిగా గుక్కపట్టినట్టు అరిచింది. డ్రైవర్ లివర్ వెనక్కి లాగినా తగ్గలేదు. కంగారులో క్లచ్ వదిలేశాడు, బండి ముందుకు దూకింది. ఎదురుగా పిల్లలు ఎగురుతున్నారు. మామ పరుగెత్తి స్టాప్ నాబ్ లాగాడు. ఇంజన్ ఆగింది. పిల్లల ఒంటి మీద గీత కూడా పడలేదు. మామను మాత్రం బండి నిలిచేలోపే వెనక చక్రం నెట్టి పడేసింది, తుంటి విరిగింది.

ఎవడో అది వీడియో తీసి, పాట పెట్టి, తాత డాన్స్ అని రీల్ చేశాడు. మనుషులేనా వీళ్లు? నాకిప్పటికీ ఒళ్లు మండుతోంది.

మామకు తెలియకుండా దాద్దామనుకున్నాం. ఆయనే అడిగి పెట్టించుకున్నాడు. బొమ్మ చూడలేదు, కళ్లు మూసుకుని ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. బ్యాండు మోత వెనక ఇంజన్ చప్పుడు వెతుక్కుంటూ మళ్లీ మళ్లీ విన్నాడు.

"కడ్డీ ఇరుక్కుంది. పిన్ను పీకి తీగ చుట్టినట్టున్నరు. పోయి చెప్పురా, అది తీసేదాంక నడపొద్దను."

వెళ్లాను. తీగను కళ్లారా చూశాను, వేలు పెట్టి చూపించాను కూడా. ఓనర్ తాపీగా విన్నాడు.

"డ్రైవర్‌ను మార్చినం గదా. అయినా మీ మామను ఎవలు అడ్డం రమ్మన్నరు?"

వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మామ గోడవైపు మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత గల్లీలో బరాత్ చప్పుడు వినబడితే చాలు, అన్నం ముద్ద నోట్లో పెట్టేవాడు కాదు. ఎవరి పిల్లల కోసమో తుంటి విరగ్గొట్టుకున్న మనిషికి దక్కింది ఆ రీలూ ఈ మాటా. ఇంకేం దక్కలేదు.

మొన్న, దినాలింకా కాకముందే, అదే ట్రాక్టర్ మరో పెళ్లికొడుకుతో ఊగుతూ వచ్చింది. మామ భార్య, మా అత్తమ్మ, చప్పుడు విని లేచింది. ఈ మైల రోజుల్లో గడప దాటొద్దని పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని గల్లీలోకి దిగింది. బండి ముందు ఎగురుతున్న పిల్లల్ని ఒక్కొక్కరినే రెక్క పట్టి లాగి, గోడవారన నిలబెట్టింది. వాళ్లకు అడ్డంగా రెండు చేతులూ చాచి, ట్రాక్టర్ దాటిపోయేదాకా అట్లాగే నిలబడింది.