గుర్తు లేదన్న బల్తసార్

రెండు చేపల గుర్తున్న ఓస్వాల్ట్ గారి అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దిన బల్తసార్ ఇమ్‌హోఫ్ లాంటి మనిషి రైను నదికి ఈ గట్టునా లేడు, ఆ గట్టునా లేడు. ఈ మాట బాసెల్ పట్నమంతా ఒప్పుకున్నదే.

జూరా కొండల్లో మేకలు కాచుకునే ఇంట పుట్టాడు. చదువంతా ఊరి గుడి వసారాలో, పల్లెటూరి పాదిరి దగ్గర. తొమ్మిదో ఏట నూటయాభై కీర్తనలూ లాటిన్‌లో తడబడకుండా అప్పజెప్పాడు. పద్నాలుగో ఏటికి నాలుగు సువార్తలూ నోటికి వచ్చేశాయి. పదహారో ఏట బిషప్ గారి ఎదుట అపొస్తలుల ఉత్తరాలు మొదలుపెట్టి, మధ్యలో గుక్కెడు నీళ్లయినా అడగకుండా ముగిస్తే, ఆయన తన చేతి తొడుగులు విప్పి ఇచ్చాడు. బాసెల్ వచ్చాక ఇరవై ఏళ్లలో నలభై ఒక్క పుస్తకం దిద్దాడు. ఆయన చేతిమీదుగా పోయిన పుస్తకంలో తప్పు పట్టినవాడికి విందు ఇస్తానని ఓస్వాల్ట్ గారు పందెం కాసేవాడు. ఆ విందు తిన్నవాడు లేడు.

ప్రూఫు దిద్దడానికి ఇద్దరు కావాలి. ఒకడు రాతప్రతి చూసి పైకి చదవాలి, రెండోవాడు ప్రూఫు మీద కన్ను వేసి ఉండాలి. లేఖనాల పని వచ్చినప్పుడు మాత్రం బల్తసార్ ఆ చదివే మనిషిని వేరే పనికి పంపేసేవాడు. గ్రంథం తన కడుపులోనే ఉంటే ఇంకొకడి గొంతు నొప్పెట్టించడం ఎందుకని ఆయన లెక్క. పని తొందరగా తెమిలేది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అలాంటి రోజుల్లో కోన్రాట్ పండితుడి పుస్తకం వచ్చింది. ఆయన ఎనిమిదేళ్లు మఠం మఠం తిరిగి, ఎలుకలు కొట్టిన పాత గ్రీకు ప్రతులు పక్కపక్కన పెట్టి సరిచూసి, ఒక పక్క గ్రీకు, ఒక పక్క కొత్త లాటిన్ రాసి తెచ్చాడు. ఎందుకిలా మార్చానో చెప్పే వివరణలు చివర చేర్చాడు. గ్రీకు పక్కా ఆ వివరణలూ దిద్దడం వేరేవాళ్లకు ఇచ్చారు, లాటిన్ పక్క బల్తసార్‌కు వచ్చింది. నీళ్లు తేటగా కావాలంటే ఊటదాకా పోవాల్సిందేనని ఆయన వాదం. వెయ్యేళ్లుగా చదువుకున్న మాట మీద కత్తెర పెట్టడానికి వీడెవడని మఠాలవాళ్లు మండిపడుతున్నారు. బల్తసార్ పండితుడి పక్షమే. ఈ పుస్తకం బయటికొస్తే పాదిరుల కళ్లు తెరుచుకుంటాయని సారాకొట్లో బల్ల గుద్ది వాదించినవాడే.

యోహాను ఉత్తరం ప్రూఫు వచ్చిన పూట, పాత లాటిన్‌లో ఆయన చిన్నప్పుడే నేర్చిన, పరలోకంలోని ముగ్గురు సాక్షుల వాక్యం ఉండాల్సిన చోట ఆయన కన్ను ఆగింది. వాక్యం లేదు. సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటర్ లియన్‌హార్ట్ మధ్యాహ్నం బీరు తాగి ఒక వరుస ఎగరగొట్టాడనుకున్నాడు. రాతప్రతి మూరెడు దూరంలోనే ఉంది. దానివైపు తల కూడా తిప్పలేదు. అంచులో ఆ వాక్యం చకచకా రాసి ఇచ్చాడు.

లియన్‌హార్ట్ కాగితం పట్టుకుని తిరిగొచ్చాడు. "అయ్యగారూ, ఇది పండితులవారి ప్రతిలో లేదండీ. నేను రెండుసార్లు చూశాను."

"నాకు పళ్లు ఊడే వయసొచ్చాక నువ్వు యోహానును పరిచయం చేస్తావట్రా? పోయి కూర్చు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. లియన్‌హార్ట్ పోయి కూర్చాడు. కూర్చిన పుట అచ్చుకెక్కింది, కాగితాలు ఆరాయి, మడతలు పడ్డాయి. మొదటి కట్టలు పడవ మీద ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంతకు వెళ్లిపోయాయి.

నెల తిరక్కుండానే కోన్రాట్ పండితుడు తెల్లబోయిన ముఖంతో వచ్చాడు. ఆ వాక్యం ఏ పాత గ్రీకు ప్రతిలోనూ లేదని తన వివరణలో రెండు పేజీలు రాశాడు. అదే పుస్తకంలో ఆ వాక్యం నిక్షేపంగా కూర్చుని ఉంది. మఠంలో ప్రసంగించే సన్యాసి ఒకడు పుస్తకం ఎత్తి చూపించి, తన మాట తనే నమ్మనివాడు మనల్ని సంస్కరిస్తాడట అంటే, జనం పొట్ట పట్టుకుని నవ్వారట.

ఎవరి పని ఇదని ఓస్వాల్ట్ గారు అడిగాడు. దిద్దిన ప్రూఫులు అక్షరాల సిరా తుడవడానికి వాడేస్తారు. బల్తసార్ చేతిరాత ఎప్పుడో మసిగుడ్డతో కలిసిపోయింది. తాను దిద్దుబాటు ప్రకారమే కూర్చానని లియన్‌హార్ట్ చెప్పాడు. అందరూ బల్తసార్ వైపు చూశారు.

"నాకు గుర్తు లేదు," అన్నాడు బల్తసార్.

బిషప్ తొడుగులు గెలిచిన నోటితోనే అన్నాడు. దాంతో తప్పు లియన్‌హార్ట్ నెత్తిన పడింది, కొలువూ పోయింది. అతను నడుముకున్న తోలుగుడ్డ విప్పి మడతపెట్టి, బల్ల మీద ఉంచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బల్తసార్‌కు తిండి సహించలేదు. పాదిరి దగ్గర పాపం ఒప్పుకుంటే, పది ప్రార్థనలు చెప్పి ఒక కొవ్వొత్తి వెలిగించమన్నాడు. వెలిగించాడు. ఇంటికొచ్చేసరికి సిగ్గు ఆయన కంటే ముందే వచ్చి గుమ్మంలో కూర్చుంది. నెల రోజులు ఓపిక పట్టి, చివరికి సెయింట్ ఆల్బన్ వాగు పక్క కాగితం మిల్లుకు పోయాడు. అక్కడ లియన్‌హార్ట్ ఆడవాళ్ల మధ్య కూర్చుని, కాగితం గుజ్జు కోసం కుళ్లు వాసన కొట్టే పాతగుడ్డలు వేరుచేస్తున్నాడు.

ఆ తప్పు తనదేనని బల్తసార్ అందరూ వినేలాగే చెప్పాడు. లియన్‌హార్ట్ తల ఎత్తలేదు.

"ఇక్కడ చెబితే ఏం లాభం అయ్యగారూ? ఈ గుడ్డలకు చెవులున్నాయా? ఎక్కడ అన్నారో అక్కడికే పోయి అనండి."

ఇద్దరూ కలిసే అచ్చుకూటానికి వెళ్లారు. కోన్రాట్ పండితుడు కూడా అక్కడే ఉన్నాడు. బల్తసార్ జరిగింది పూస గుచ్చినట్టు చెప్పాడు. అయితే ఎవరూ నమ్మలేదు. ఓస్వాల్ట్ గారైతే కళ్లు తుడుచుకున్నాడు.

"పెద్దాయనా, మీ మనసు నాకు తెలుసు. వీడి బతుకు పాడైందని తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఇలాంటి మనిషి ఉన్నందుకు ఈ కొట్టు పుణ్యం చేసుకుంది."

చెంపదెబ్బ అయినా అంత మంట పుట్టేది కాదు. మళ్లీ చెప్పాడు. కూర్చోబెట్టి ద్రాక్షసారా ఇవ్వబోయారు. అప్పుడాయన అలమరలోంచి పండితుడి రాతప్రతి తీసి బల్ల మీద పరిచాడు. చదివే మనిషి ప్రతి వరుస చివరా ఎర్రసుద్దతో గీత పెట్టడం ఆ కొట్లో కట్టడి. ఆ ప్రతిలో లాటిన్ పక్కన ఒక్క గీత లేదు. ముగ్గురు సాక్షుల చోటే కాదు, మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఎక్కడా లేదు.

"ఒక్కసారి కూడా తెరవలేదు. మొత్తం నా నోటికొచ్చిందే దిద్దాను."

పండితుడు ఒక్కో పుట తిప్పుతూ పోయాడు. ఎనిమిదేళ్ల కష్టం తెల్లగా, గీత పడకుండా కనిపిస్తోంది.  చివరి పుట మూసి, "అయితే మిగతాచోట్ల?" అని మాత్రం అడిగాడు.

లియన్‌హార్ట్‌కు ఆ రోజే పని తిరిగొచ్చింది. పుస్తకమంతా అతను పైకి చదివితే బల్తసార్ సరిచూశాడు. ఇంకా పదకొండు చోట్ల, పండితుడు వెతికి తెచ్చిన కొత్త మాటను చెరిపి బల్తసార్ తన చిన్ననాటి పాత మాటనే పెట్టాడు. ఒక్కొక్కటి బయటపడినప్పుడల్లా లియన్‌హార్ట్ చదవడం ఆపి, ఆయన రాసుకునేదాకా కిటికీ బయటికి చూసేవాడు. ఆ ఓర్పును భరించడం బల్తసార్‌కు తిట్ల కంటే కష్టమైంది.

తప్పొప్పుల పట్టిక పుస్తకం చివర వేయాలి. పనివాళ్ల తొందర వల్ల దొర్లినవి అని పైన రాయడం అన్ని అచ్చుకూటాల ఆనవాయితీ. ఆ మాట ఓస్వాల్ట్ గారు రాసి ఇస్తే బల్తసార్ కొట్టేసి, ప్రతి చూడకుండా బల్తసార్ ఇమ్‌హోఫ్ చేసినవి అని రాశాడు. కొట్టు పరువు పోతుందని యజమాని బతిమాలాడు. బల్తసార్ వినలేదు.

ఆ పుట లియన్‌హార్టే కూర్చాడు. తడి ఆరని ప్రూఫు తెచ్చి ఆయన ముందు పెట్టి, రాతప్రతి తన చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"చదవమంటారా అయ్యగారూ?"

"చదువు నాయనా. నా పేరు దగ్గర్నుంచి మొదలెట్టు."