గళ్ళ స్కర్టుతో బస్సెక్కినాయన

ఆ నవంబరు ఉదయం నేను యూసుఫ్‌గూడలో బస్సెక్కేసరికే లోపల అందరూ నవ్వుతున్నారు. యాభై దాటిన మనిషొకాయన ఎర్ర గళ్ళ స్కర్టు వేసుకుని, తోలుసంచికి గొట్టాలు గుచ్చినట్టున్న వాద్యాన్ని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"లంగా ఏసుకుంటే ఫ్రీ కాదన్నా, టికెట్ తీస్కో," అంది కండక్టరమ్మ. ఉచితంగా ప్రయాణిస్తున్న ఆడవాళ్ళంతా ఇంకా పగలబడి నవ్వారు.

ఆయనా నవ్వుతూనే టికెట్ తీసుకున్నాడు. నేను దొరికిన సీట్లో కూర్చుని పక్కకు జరిగితే, కుచ్చిళ్ళు నలగకుండా సర్దుకుని కూర్చున్నాడు.

"పెండ్లిళ్లల్ల, షూటింగులల్ల బ్యాగ్‌పైప్ వాయిస్త సార్. గల్లీల నవ్వుతరని ఈ డ్రెస్సు సంచిల ఏస్కపోయి గాడనే మార్చుకుంటుంటి. ఇయ్యాల ఇంట్లనే తొడుక్కున్న."

"ఇవాళ ఏంటి ప్రత్యేకం?"

"తెల్లారంగ స్కాట్లాండ్ గెలిచింది సార్! ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు పోతున్నది. నా పెండ్లి కాకముందు పోయిండ్రు, మళ్ల ఇప్పుడే."

"స్కాట్లాండ్‌తో మీకేం సంబంధం?"

"ఈ డ్రెస్సు వాళ్లది, ఈ బాజా వాళ్లది. నా పిల్లలు దీంతోనే అన్నం తిన్నరు."

నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు.

ఫిల్మ్ నగర్‌లో దిగాక ఆయన వెళ్ళిపోలేదు. రోడ్డు పక్కనే నిటారుగా నిలబడి, గుండెనిండా ఊపిరి పీల్చి వాయించడం మొదలుపెట్టాడు. వెనక కార్లు హారన్లు కొట్టాయి.

"రైట్ చెప్పవేందమ్మా!" అని డ్రైవరు అరిచాడు.

కండక్టరమ్మ తలుపు దగ్గర నుంచి కదల్లేదు.

"జర ఆగన్నా," అంది. "మనం గెలిచినం."